చివరి వరస నుంచి మొదలు

తిరుమణి,
సెప్టెంబర్ 8, ఆదివారం

తిక్క సిందూకు,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ హాస్టల్ సాంబారును తిట్టడానికే సరిపోయింది. మిగిలిన అర పేజీలో అడిగిన దానికి జవాబు ఇదిగో: వస్తాను. వస్తాను, వస్తాను.

పరీక్షలయ్యాక నీకు ఒక రోజు ఔటింగ్ ఇస్తారని, ఆ రోజు మనిద్దరం బెంగళూరులోని రైడ్ల పార్కుకు పోదామని నువ్వు రాస్తే, ఆ ముక్క మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. "అంత దూరం మీరిద్దరే పోతారా?" అంది. ఏడో తరగతిలో అక్కడికి స్కూల్ టూరు పోయినప్పుడూ మనిద్దరమే కదా, తక్కిన వాళ్ళంతా ఎటు పోయారో ఎవరికి తెలుసు! పొద్దంతా లైన్లో నిలబడి మనం ఎక్కింది రెండంటే రెండు. మూడో దాని దగ్గర నీకు కళ్ళు తిరిగితే, సిమెంటు గట్టు మీద నా ఒళ్ళో పడుకోబెట్టుకుని నోటు పుస్తకంతో విసిరాను. అప్పుడు నువ్వన్న మాట నాకింకా గుర్తుంది. "పెద్దయినంక మనిద్దరమే వచ్చేది మంజూ. లైన్లో నిలబడేదే లేదు, అన్నీ ఎక్కాల్సిందే."

ఈసారి అన్నీ ఎక్కిస్తాను. ఆ ప్లానంతా నాకు వదిలెయ్.

నా సంగతులంటావా, కడగడానికి అవే సోలార్ ప్యానెళ్ళు, అదే నీళ్ళ ట్యాంకరు. ఈ నెల నుంచి మా గుంపును పదకొండో బ్లాకుకు వేశారు. అంటే మీ చేనే. మా అమ్మ కలుపు తీసిన చోట నేను అద్దాలు కడుగుతున్నాను. మీ నాయన సోలార్ కంపెనీకి కౌలుకిచ్చినప్పటి నుంచి ఆ చేనికి కంచె, గేటు, గేటుకో సెక్యూరిటీ. చిన్నప్పుడు మనం దొంగతనంగా పచ్చి చెనక్కాయలు పీకిన చోటికి ఇప్పుడు ఐడీ కార్డు చూపించి పోతున్నాను.

మీ వార్డెన్ ఫోన్లు ఉంచుకోనివ్వదు, ఉత్తరాలు కూడా విప్పి చూస్తుందన్నావు. చూసుకోనీ. కన్నడ మీడియం పిల్లలం తెలుగులో రాసుకుంటే ఆమెకేం అర్థమవుతుంది? మీ తాత నారప్ప అరుగు మీద కూర్చోబెట్టి మనిద్దరికీ అక్షరాలు దిద్దించినందుకు ఆయనకు దండం పెట్టాలి.

నీ
మంజు

~

తుమకూరు,
సెప్టెంబర్ 22

మంజూ, మంజూ, మంజూ!

నీ ఉత్తరం మెస్‌లో కూర్చుని చదివి గట్టిగా నవ్వాను. పక్కనున్న చైత్ర "ఏమది, లవ్ లెటరా?" అని లాక్కుంది. తెలుగు చూసి మొహం మాడ్చుకుని తిరిగి ఇచ్చేసింది. చైత్ర నా రూమ్మేటే, వాళ్ళది బెంగళూరు. మంచిదే కానీ అన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడుతుంది. పార్కుకు పోతున్నానంటే "అయ్యో, అక్కడంతా లైన్లే, ఒక్క రోజులో నాలుగు ఎక్కితే గొప్ప" అని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండింది. మన ప్లాన్ చూసి అది నోరెళ్ళబెట్టాలి. అర్థమైందా?

ఔటింగ్ నవంబర్ 19, మంగళవారం. నాయన సంతకం పెడతానన్నాడు. నువ్వు ముందురోజే తుమకూరు వచ్చేసెయ్. ఇక్కడ రాత్రంతా మేలుకుని చదువుతుంటే పుస్తకంలో కూడా నాకు ఆ పార్కు పెద్ద చక్రమే కనిపిస్తోంది.

ప్లాన్ తొందరగా పంపు!

నీ సిందు

~

తిరుమణి,
అక్టోబర్ 9

సిందూ,

ప్లాన్ తయారు. దీనికోసం మోనిక ప్రాణం తీశాను. మోనిక మా గుంపులో కొత్తగా చేరింది. వాళ్ళక్క ఆ పార్కులో లాకర్ల దగ్గర ఏడాది పనిచేసిందట. ఆమెకు ఫోన్ చేయించి ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాను. చివరికి ఆమె "ఈ పిల్ల పార్కు చూసేకి వస్తాదా, కొనేకి వస్తాదా?" అని అడిగిందట.

మంగళవారం మంచి రోజే. స్కూళ్ళ టూర్లు డిసెంబర్లో మొదలవుతాయి, అంతకుముందు వారం మధ్యలో జనం పలచగా ఉంటారు. గేటు తీయడానికి అరగంట ముందే మనం అక్కడ ఉండాలి.

అసలు కిటుకు ఇది. మేం ప్యానెళ్ళు ఎప్పుడూ గేటు దగ్గర మొదలుపెట్టం. తెల్లారకముందే చివరి వరసకు నడిచిపోయి, అక్కడి నుంచి కడుగుతూ గేటు వైపు వస్తాం. ఎండ ముదిరి అద్దం కాలాక చన్నీళ్ళు పోస్తే అది పగులుతుంది. అందుకే దూరం పని చల్లగా ఉన్నప్పుడే ముగించాలి, దగ్గర పని ఎప్పుడైనా అవుతుంది. పార్కులోనూ అంతే. లోపలికి రాగానే అందరూ గేటు పక్కనున్న పెద్ద చక్రం చూసి అక్కడే ఆగిపోతారట. మనం దాని వైపు తలెత్తి కూడా చూడకూడదు. నేరుగా చివరికి పోవాలి. చివరి నుంచి ఒక్కొక్కటే ఎక్కుతూ వెనక్కి వస్తాం. వాళ్ళు మధ్యకు వచ్చేసరికి మనకు పెద్దవి అయిపోతాయి. పదకొండున్నరకే తినేయాలి. అందరూ తినడానికి పోయిన గంటన్నరలో, ఎప్పుడూ పెద్ద లైను ఉండే మూడూ ఎక్కేయాలి. నీళ్ళవి మధ్యాహ్నం. మొత్తం పదకొండు. వేరే కాగితంలో వరసగా రాసి, పక్కన టిక్కు పెట్టుకోవడానికి గళ్ళు గీశాను. దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి పంపుతున్నాను. నీళ్ళ దగ్గర కవర్ తీయొద్దు, తడిసిపోతుంది. జిప్పున్న జేబులో పెట్టుకో.

ఇంకో మాట. కాటన్ గుడ్డలతో నీళ్ళలోకి దిగనివ్వరు. నైలాన్ ప్యాంటు, చొక్కా కొనుక్కో. నేను వై.ఎన్.హొసకోటలో నలుపుది ఒక జత చూసిపెట్టాను.

ఇక చెప్పాలా వద్దా అని మూడు రోజులుగా తన్నుకుంటున్న సంగతి. కంపెనీ వాళ్ళు కడిగే వాళ్ళలోంచి ఇద్దరిని టెక్నీషియన్ ట్రైనీలుగా తీసుకుంటారట. పదో తరగతి పాసైన వాళ్ళకే. చీపురు, పైపు వదిలేసి మీటర్ల గదిలో పని, నెల జీతం. మా సూపర్‌వైజర్ ఓబులేశ్ అన్న నా పేరే ముందు రాశాడు. టెస్టు పావగడలో. నవంబర్ 19నే.

నీ ఔటింగ్ వేరే రోజుకు మారుతుందా? మారితే నాకు రెండూ దక్కుతాయి. మారదంటే చెప్పు, ఆలోచిస్తాను. నాకు ఆ టెస్టు కావాలి సిందూ. కావాలని నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మంజు

~

తుమకూరు,
అక్టోబర్ 19

మంజూ,

ప్లాన్ చూశాను. నువ్వు కలెక్టర్ కావాల్సిందే!

డేట్ మారదు. అడిగాను, నిజంగా అడిగాను. ఔటింగ్ అదొక్క రోజే, మళ్ళీ మార్చి దాకా బయటికి పంపరు. మార్చిలో నాకు బోర్డు పరీక్షలు, ఆ తర్వాత నేను ఎక్కడుంటానో ఏమో. నువ్వు రాకపోతే నేను కూడా పోను. రూములో కూర్చుని ఏడుస్తాను. టెస్టులు మళ్ళీ పెట్టరా? అంత పెద్ద సోలార్ పార్కు ఎక్కడికీ పారిపోదు కదా. ఏడో తరగతి నుంచి అనుకుంటున్నాం మంజూ. వస్తానని నాకు మాటిచ్చావు.

నైలాన్ డ్రెస్ కొనిపెట్టమని అమ్మకు చెప్పాను. ఎర్రది.

నీ సిందు

~

తిరుమణి,
అక్టోబర్ 27

సిందూ,

టెస్టుకు రానని ఓబులేశ్ అన్నకు చెప్పేశాను. ఆయన చేతిలో టీ గ్లాసు అట్లాగే పట్టుకుని నా మొహం చూశాడు. "ఆ పార్కుకు యా దినమైనా పోవచ్చు. ఈ టెస్టు ఏడాదికొకసారి వచ్చేది. నీ అంత బాగా రాసేటోళ్ళు ఈడ ఎవరుండారమ్మా?" అన్నాడు. మాటిచ్చినానన్నా అన్నాను. "ఎవురికి?" అన్నాడు. నీ పేరు చెప్పాను. ఆయన జాబితాలో నా పేరు కొట్టేశాడు.

బాధగా లేదంటే అబద్ధం. కానీ నువ్వు ఏడుస్తూ రూములో కూర్చుంటావంటే ఆ టెస్టు రాయడానికి నా చెయ్యి ఆడదు. వచ్చే ఏడాది రాస్తాను. మా అమ్మకు ఈ సంగతి చెప్పలేదు, నువ్వూ మీ ఇంట్లో అనొద్దు.

18న మధ్యాహ్నం బస్సెక్కుతాను. రాత్రికి తుమకూరులో మా చిన్నమ్మ ఇంట్లో పడుకుని, 19న పొద్దున ఆరింటికి మీ హాస్టల్ గేటు దగ్గర ఉంటాను. నల్ల జత కొనేశాను. అది వేసుకుని అద్దంలో చూసుకుంటే మా గుంపులోని దాసమ్మత్త "ఏమ్మే, పోలీసు పనిలో చేరినావా?" అని నవ్వింది. నీకు ఎండకు తలనొప్పి వస్తుంది కాబట్టి నిమ్మకాయలు, ఉప్పు, పంచదార నేనే తెస్తాను.

నీ మంజు

~

తుమకూరు,
నవంబర్ 14

మంజూ,

చాలా బాధగా రాస్తున్నాను. అందరి ఔటింగులూ క్యాన్సిల్ చేశారు. గణితానికి స్పెషల్ క్లాసులట. నువ్వు బయల్దేరొద్దు. ఏం చేయను చెప్పు, నా చేతిలో లేదు. కోపం తెచ్చుకోకు.

సిందు

~

తిరుమణి,
నవంబర్ 20

సిందూ,

నీ ఉత్తరం 18వ తేదీ మధ్యాహ్నం చేతికొచ్చింది. భుజాన బ్యాగు వేసుకుని గడప దాటుతున్నాను, పోస్ట్‌మ్యాన్ ఎదురొచ్చాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే నేను బస్సులో ఉండేదాన్ని.

అట్లాగే బ్యాగుతో ఓబులేశ్ అన్న దగ్గరికి పరుగెత్తాను. "నిన్ననే జాబితా పంపించినా కదమ్మా" అన్నాడు. నా చోటులో మోనిక పేరు రాశాడట. మోనిక నన్ను చూసి తల వంచుకుంది. ఆ పిల్ల తప్పేముంది? రాత్రికి కూర్చుని నా నోట్సు ఆమెకు చెప్పాను.

నిన్న పొద్దున పార్కు గేటు తీసే వేళకు నేను పదకొండో బ్లాకులో చివరి వరసలు ముగించి ఇటు వైపు వస్తున్నాను. టైము చూసుకుని, ఇప్పుడు మనం మొదటిది ఎక్కి ఉండేవాళ్ళం కదా అనుకున్నాను. పదకొండున్నరకు సద్ది విప్పితే దాసమ్మత్త "ఇంత తొందరగానా?" అంది. ప్లాన్ ప్రకారం తింటున్నానని చెబితే ఆమెకేం అర్థమవుతుంది!

నీ మీద కోపం లేదు. నువ్వు నాకంటే ఎక్కువ ఏడ్చి ఉంటావు, నాకు తెలుసు. నాతో పార్కులో తిరగాల్సిన రోజున ఆ లెక్కలు చేసుకుంటూ కూర్చున్నావు. కాగితం పారేయొద్దు. మార్చి తర్వాత పోదాం.

నీ మంజు

~

తుమకూరు,
డిసెంబర్ 1

మంజూ,

నువ్వు చాలా మంచిదానివి. పార్కు సంగతి ఇంక ఎత్తొద్దు, నాకు బాధేస్తుంది. ఇక్కడ చలి. సాంబారు మారలేదు. చదువుకోవాలి, అందుకే చిన్న ఉత్తరం.

సిందు

~

తిరుమణి,
డిసెంబర్ 15

సింధుశ్రీకి,

మొన్న శుక్రవారం మీ అమ్మ యశోదమ్మ మా అమ్మను పిలిచి బట్టల మూట ఇచ్చింది. ఏటా ఇస్తుంది కదా. నీకు పొట్టివైనవి, రంగు పోయినవి, నీకు బోరు కొట్టినవి. నేను ఒకటో తరగతి నుంచి తొడుక్కుంటున్నవి. ఈసారి మూటలో పైనే ఒక ఎర్ర నైలాన్ జత ఉంది. "కారులో వచ్చిన బ్యాగులో ఉన్నాయి, ఉతికించినా. సిందుకు ఒకపారికే చాలైపోయిందంట. మంజు నీళ్ళలో పని చేస్తాది కదా, తొడుక్కోమను" అందట మీ అమ్మ. ఆమెకేమీ తెలియదు.

ప్యాంటు జేబుకు జిప్పు ఉంది. జిప్పు లోపల ప్లాస్టిక్ కవర్ ఉంది. నేనే చెప్పాను కదా, కవర్ తీయొద్దు, తడిసిపోతుందని. తడవలేదు. ఉతికినా తడవలేదు. నా అక్షరాలు ఒక్కటి కూడా చెదరలేదు.

పదకొండు గళ్ళలో పదకొండు టిక్కులు. కాగితం వెనక ముగ్గురి సంతకాలు, పైన కన్నడంలో, "సింధు ప్లాన్ సూపర్! ఎక్కడా లైన్ లేదు!" అని. దాంతో పాటు చేతికి కట్టే కాగితం పట్టీ. దాని మీద తేదీ అచ్చు వేసి ఉంది. నవంబర్ 19.

నేను ఆ మూట ముందు కూర్చుండిపోయాను. మా అమ్మ "సైజు సరిపోతాదా?" అని అడుగుతూనే ఉంది.

నువ్వు పార్కుకు పోయినందుకు కాదు సిందూ. నాకు టెస్టు ఉందని, అది నాకు కావాలని నీకొక్కదానికే రాశాను. అప్పుడు నువ్వు వద్దని ఒక్క మాట రాసి ఉంటే నేను పావగడలో కూర్చుని రాసేదాన్ని. నన్ను రమ్మని ఏడ్చావు. నేను వదులుకున్నాక నన్ను వదిలేశావు. ఇది ఎట్లా చేయగలిగావు? కోపం లేదని నేను రాసిన ఉత్తరం చదివినప్పుడు నీకు ఏమీ అనిపించలేదా?

జవాబు రాయి. ఈసారి నిజం రాయి.

మంజుశ్రీ

~

తుమకూరు,
డిసెంబర్ 22

మంజూ,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపేశానో.

నిజం రాయమన్నావు. నిన్ను రమ్మన్నప్పుడు నిజంగానే రమ్మన్నాను, ఒట్టు. తర్వాత చైత్ర ప్లాన్ చూసి, చదివి వినిపించమంది. వినిపించాను. "ఇదంతా నువ్వే కనిపెట్టావా?" అంది. నేను అవుననేశాను. ఎందుకన్నానో తెలియదు. ఇక్కడ నేను ఊరి పిల్లనని అందరికీ తెలుసు, ఇంగ్లీషు తడబడుతుంది, దేంట్లోనూ ముందుండను. ఆ రోజు మొదటిసారి నా చుట్టూ చేరారు. మేమూ వస్తామన్నారు. నాయన కారు పంపుతానన్నాడు. నువ్వు వస్తే ప్లాన్ నీదని తెలిసిపోతుంది. వాళ్ళు నువ్వేం చదువుతున్నావని అడుగుతారు, ఏం చెప్పాలి? నీకే ఇబ్బందిగా ఉంటుందనుకున్నాను. పైగా కార్లో చోటు కూడా లేదు మంజూ. ఉంటే ఏదో ఒకటి చెప్పి తీసుకుపోయేదాన్నే.

టెస్టు సంగతి గుర్తుంది. వచ్చే ఏడు మళ్ళీ ఉంటుంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

నన్ను క్షమించు. మార్చి తర్వాత నిన్ను తప్పకుండా తీసుకుపోతాను. అక్కడ లైన్లో నిలబడకుండా నేరుగా ముందుకు పంపే టికెట్ ఒకటి ఉంటుందట. ఇద్దరికీ అదే తీయమని నాయనకు చెబుతాను. నువ్వేమీ ప్లాన్ చేయక్కర్లేదు.

నీ సిందు

~

తిరుమణి,
జనవరి 2

సింధుశ్రీ గారికి,

మీ కారు డ్రైవర్ ఎర్రిస్వామి మామ నిన్న ట్యాంకర్ దగ్గర నీళ్ళు తాగడానికి ఆగాడు. నవంబర్లో పార్కుకు కార్లో ఎంతమంది పోయినారని అడిగాను. "నలుగురు ఆడపిల్లోళ్ళు, యెనక సీట్లోనే ఇరుక్కుని కూర్చునిరి, ఒకటే నగువు" అన్నాడు. మరి ముందు సీట్లో ఎవరు మామా అన్నాను. "ఎవురూ లేరు. బ్యాగులు పెట్టినారు" అన్నాడు.

నిజం రాయమని అడిగిన ఉత్తరానికి కూడా నువ్వు ఇంత అబద్ధం కలపకుండా ఉండలేకపోయావు. మిగతాదంతా ఎట్లాగో మింగేదాన్నేమో. నువ్వు పదిమందిలో తక్కువగా కనిపించకూడదనుకున్నావు, అది నాకు అర్థమవుతుంది, నేనూ ఐడీ కార్డు మెడలో వేసుకునేటప్పుడు అట్లాగే అనుకుంటాను. కానీ నా చోటులో బ్యాగులు పెట్టుకున్నావు. ఆ మాట విన్నాక నాకు ఏడుపు కూడా రాలేదు.

మోనిక టెస్టు పాసైంది. ఒకటో తేదీ నుంచి మీటర్ల గదిలో పని. తన పుస్తకాలు నాకిచ్చింది. వచ్చే నవంబర్లో నేను రాస్తాను. అప్పుడు ఎవరు ఏ రోజుకు ఎక్కడికి రమ్మన్నా పోను.

లైను లేని టికెట్ తీస్తానన్నావు. నీకు ఒక సంగతి చెప్పాలి. ఆ ప్లాన్ నాకోసం వేసుకోలేదు. నీకు ఎండ పడదు, కాళ్ళు నొప్పి పుడతాయి, ఊరికే విసుక్కుంటావు, అందుకే వేశాను. నాకు లైనంటే భయం లేదు, రోజూ ఎండలో నిలబడే దాన్నే. నువ్వు హాస్టల్‌కు పోయి రెండేళ్ళయింది. నీతో ఒక గంట ఎక్కడైనా నిలబడి మాట్లాడితే చాలనుకున్నాను. ఆ గంట దొరికేది లైన్లోనే. అది నాకు అక్కర్లేనట్టు నేనే అన్ని లైన్లూ తప్పించాను, చూడు.

ఈ పొద్దున ఎర్ర జత మళ్ళీ ఉతికి, ఇస్త్రీ చేసి మీ ఇంటికి తీసుకుపోయాను. మా అమ్మ వద్దని చెయ్యి పట్టుకుంది. "ఇచ్చిన గుడ్డలు ఎవురైనా వాపసు ఇస్తారా? ఏమనుకుంటారు?" అని ఏడ్చింది. ఇన్నేళ్ళలో మా ఇంటి నుంచి మీ ఇంటికి ఒక్క గుడ్డ తిరిగి రాలేదు. మీ అమ్మ గేటు దగ్గరే నిలబడి మూట విప్పి చూసింది. "ఏమ్మే, సరిపోలేదా?" అంది.

"సరిపోలేదమ్మా" అన్నాను.

చేతి పట్టీ అదే జేబులో పెట్టి జిప్పు వేశాను. కాగితం మాత్రం ఇవ్వలేదు. అది నా చేతిరాత.

మంజుశ్రీ